ఆసిలోస్కోప్ తెరపై గ్లిచ్‌లు: సిగ్నల్‌లో ఉన్నవా, కొలతలో పుట్టినవా?

నింపుడు_యంత్రం

సభ్యులందరికీ నమస్కారం. బాలానగర్‌లోని ఒక చిన్న యూనిట్‌లో సీసాల్లో నూనె నింపే యంత్రానికి కంట్రోల్ బోర్డు తయారు చేసి ఇచ్చాను. కన్వేయర్ షాఫ్ట్‌కు చుట్టుకు 600 పల్సులిచ్చే ఎన్‌కోడర్ బిగించి ఉంది. షాఫ్ట్ నిమిషానికి 120 చుట్లు తిరుగుతుంది. ఎన్‌కోడర్ ఔట్‌పుట్ ఓపెన్ కలెక్టర్ రకం, అంటే లైన్‌ను కిందికి మాత్రమే లాగగలదు. అది 5 మీటర్ల షీల్డ్ కేబుల్ ద్వారా బోర్డుకు చేరుతుంది, అక్కడ 5 వోల్టులకు 10 కిలోఓమ్‌ల పుల్-అప్ (లైన్‌ను పైకి లాగే రెసిస్టర్) ఉంది. ఆ తర్వాత 74హెచ్‌సీ04 ఇన్వర్టర్ మీదుగా మైక్రోకంట్రోలర్‌కు వెళుతుంది.

సమస్య ఏమిటంటే, మోటారు నడుస్తున్నప్పుడు లెక్కలో అదనపు పల్సులు చేరుతున్నాయి. దాంతో సీసా మూతి నాజిల్ కిందికి పూర్తిగా రాకముందే కన్వేయర్ ఆగిపోతోంది, నూనె అంచు మీద పడుతోంది. షాఫ్ట్‌ను చేత్తో తిప్పితే లెక్క సరిగ్గా వస్తుంది.

నా దగ్గర 100 మెగాహెర్ట్జ్, నాలుగు ఛానళ్ల డిజిటల్ స్కోప్ ఉంది. శాంపిల్ రేటు సెకనుకు 1 గిగాశాంపిల్. డివిజన్‌కు (తెరపై ఒక గడికి) 1 మిల్లీసెకను వద్ద పల్సులు శుభ్రంగా కనిపిస్తున్నాయి. డివిజన్‌కు 1 మైక్రోసెకనుకు తెస్తే దాదాపు 2 వోల్టుల ఎత్తున ముళ్లలాంటి స్పైకులు వస్తున్నాయి. ఎన్‌కోడర్ లైన్ మీదే కాదు, 5 వోల్టుల లైన్ మీద, చివరికి గ్రౌండ్ మీద కూడా అవే కనిపిస్తున్నాయి. 5 వోల్టుల లైన్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు అదనంగా పెట్టినా తేడా లేదు. స్కోప్ ఎర్త్ పిన్ తీసేసి కొలవమని ఒకరు సలహా ఇచ్చారు. ఏం చేయమంటారు?

శాంపిల్‌రేటు

ముందుగా ఎర్త్ పిన్ సంగతి. దయచేసి దాన్ని తీయవద్దు. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్, స్కోప్ లోహపు పెట్టె, బీఎన్‌సీ కనెక్టర్ల బయటి భాగం అన్నీ ఆ పిన్ ద్వారానే ఎర్త్‌కు కలిసి ఉంటాయి. పిన్ తీసేశాక క్లిప్ ఏ వోల్టేజీకి తగిలితే స్కోప్ పెట్టె మొత్తం ఆ వోల్టేజీకి వస్తుంది, దాన్ని ముట్టుకునేది మీరే. ఎర్త్‌తో కలవని, తేలియాడే బిందువుల మధ్య కొలవాల్సి వస్తే డిఫరెన్షియల్ ప్రోబ్ వాడాలి. అది లేకపోతే రెండు ఛానళ్లు పెట్టి, గణిత విభాగంలో ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేయాలి.

ఇక అసలు విషయం. గ్రౌండ్ మీద కూడా అవే స్పైకులు కనిపిస్తున్నాయన్న మీ వాక్యమే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది. సర్క్యూట్ మీద ఇంకేమీ మార్చకండి, కొలతను పరీక్షించండి. ప్రోబ్ కొనను, దాని గ్రౌండ్ క్లిప్‌ను రెండింటినీ బోర్డు మీద ఒకే గ్రౌండ్ బిందువుకు తాకించి తెర చూడండి. ఆ స్థితిలో స్కోప్ కొలవడానికి వోల్టేజీ ఏమీ లేదు కనుక గీత చదునుగా ఉండాలి. స్పైకులు అప్పటికీ కనిపిస్తే, అవి ప్రోబ్ తీగల చుట్టలోకి, ప్రోబ్ కేబుల్ షీల్డ్‌లోకి బయటి నుంచి వచ్చి చేరుతున్నవని అర్థం.

రెండో పరీక్ష గ్రౌండ్ తీగది. ప్రోబ్‌తో వచ్చే 15 సెంటీమీటర్ల గ్రౌండ్ తీగకు మిల్లీమీటరుకు సుమారు 1 నానోహెన్రీ చొప్పున 150 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. ప్రోబ్ కొన వద్ద 12 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉందనుకుంటే ఆ రెండూ కలిసి 120 మెగాహెర్ట్జ్ దగ్గర మోగుతాయి. అంటే వేగమైన అంచు తగిలిన ప్రతిసారీ 8 నానోసెకన్ల వ్యవధితో రింగింగ్ (గంట మోగినట్టు ఊగే అలలు) తెరపైకి వస్తుంది, సర్క్యూట్‌లో అది లేకపోయినా సరే. ప్రోబ్ పెట్టెలో చిన్న స్ప్రింగ్ ఒకటి వస్తుంది, చాలామంది దాన్ని పారేస్తారు. పైన ఉన్న హుక్ తొడుగు తీసి, కొన వెనకాల ఉన్న లోహపు రింగుకు ఆ స్ప్రింగ్ తొడిగి, ఐసీ గ్రౌండ్ పిన్ పక్కనే తాకించి మళ్లీ కొలవండి.

కోఠి_గల్లీ

నమస్తే అన్నా. మా రిపేరు షాపులో ఇలాంటివి తరచుగా వస్తాయి. ప్రోబ్ స్విచ్ 10ఎక్స్ (సిగ్నల్‌ను పదో వంతుకు తగ్గించే స్థితి) నుంచి 1ఎక్స్‌లో (తగ్గించకుండా పంపే స్థితి) పెట్టి చూడండి, ఆ స్పైకులు చాలావరకు పోతాయి. ఎన్‌కోడర్ ఇన్‌పుట్ దగ్గర గ్రౌండ్‌కు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేస్తే నాయిస్ మింగేస్తుంది.

పీసీబీ_పద్మ

కోఠి_గల్లీ గారూ, 1ఎక్స్‌లో స్పైకులు తగ్గడం నిజమే కానీ తగ్గిన కారణం వేరు. ఆ స్థితిలో సాధారణ ప్రోబ్ బ్యాండ్‌విడ్త్ దాదాపు 6 మెగాహెర్ట్జ్‌కు పడిపోతుంది, పైగా కొలిచే బిందువు మీద 100 పికోఫారడ్‌ల బరువు పడుతుంది. కాబట్టి ఉన్న గ్లిచ్ (క్షణకాలపు తప్పుడు పల్సు) కూడా కనిపించకుండా పోతుంది. కొన్నిసార్లు ప్రోబ్ పెట్టగానే యంత్రం సరిగ్గా పని చేసి, తీయగానే మళ్లీ మొరాయిస్తుంది. నెమ్మదైన సిగ్నల్‌ను చూడాలంటే 10ఎక్స్‌లోనే ఉంచి స్కోప్ మెనూలోని 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ పరిమితిని ఆన్ చేయడం మేలు. గ్లిచ్ వెతికేటప్పుడు దాన్ని కూడా ఆఫ్‌లోనే ఉంచాలి.

కెపాసిటర్ గురించి నాకు ఇంకా గట్టి అభ్యంతరం ఉంది. 10 కిలోఓమ్‌లు, 0.01 మైక్రోఫారడ్ కలిస్తే టైమ్ కాన్‌స్టాంట్ 100 మైక్రోసెకన్లు, అంచు పైకి లేవడానికి 220 మైక్రోసెకన్లు పడుతుంది. నింపుడు_యంత్రం గారి లెక్క ప్రకారం సెకనుకు 1,200 పల్సులు, అంటే పల్సు పైన ఉండేది 417 మైక్రోసెకన్లే. అందులో సగానికి పైగా ఎక్కడానికే పోతుంది. ఆ ఇన్‌పుట్‌లో ఉన్నది 74హెచ్‌సీ04 అని చెప్పారు కనుక ఇది మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. ముందు శాంపిల్‌రేటు మాస్టారు చెప్పిన పరీక్షల ఫలితం వస్తే దీని గురించి వివరంగా రాస్తాను.

నింపుడు_యంత్రం

మాస్టారూ, రెండు పరీక్షలూ చేశాను. కొన, క్లిప్ రెండూ ఒకే గ్రౌండ్ బిందువు మీద ఉన్నప్పుడు కూడా స్పైకులు వోల్టున్నర దాకా వస్తున్నాయి. మోటారు ఆపితే గీత చదునుగా అయిపోతోంది. స్ప్రింగ్‌తో కొలిస్తే ఇన్వర్టర్ ఔట్‌పుట్ అంచుల వెనక ఉన్న రింగింగ్ దాదాపుగా పోయింది, స్పైకుల ఎత్తు కూడా బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఇంకొకటి గమనించాను. టైమ్‌బేస్ కొంచెం పెంచి కర్సర్లు పెడితే, స్పైకులు గుంపులు గుంపులుగా, 125 మైక్రోసెకన్లకు ఒకసారి అదే వరుసలో వస్తున్నాయి. కన్వేయర్ మోటారును వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) నడుపుతోంది.

వైండింగ్_గాజువాక

125 మైక్రోసెకన్లంటే 8 కిలోహెర్ట్జ్. మీ వీఎఫ్‌డీ క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ స్విచ్చులు మారే వేగం) ఎంత పెట్టి ఉందో పారామీటర్లలో చూడండి, చాలా డ్రైవుల్లో అది 2 నుంచి 16 కిలోహెర్ట్జ్ మధ్య మార్చుకునే వీలుంటుంది. డ్రైవ్ ఆపి, దాన్ని 4 కిలోహెర్ట్జ్‌కు తగ్గించి మళ్లీ నడపండి. గుంపుల మధ్య దూరం 250 మైక్రోసెకన్లకు మారితే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. మోటారు కూత మాత్రం కొంచెం పెరుగుతుంది, దానికి కంగారు పడకండి.

డ్రైవ్‌లోని ఐజీబీటీలు (స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) వందల వోల్టులను మైక్రోసెకనులో చిన్న భాగంలో అటూ ఇటూ మారుస్తాయి. ఆ మార్పు జరిగిన ప్రతిసారీ మోటారు కేబుల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఉన్న కెపాసిటెన్స్ ద్వారా కరెంటు దూకి, తిరిగి డ్రైవ్‌కు చేరే దారి వెతుక్కుంటుంది. షీల్డ్ లేని మోటారు కేబుల్ వాడి, దాన్ని ఎన్‌కోడర్ కేబుల్‌తో ఒకే ట్రేలో పరిస్తే ఆ దారి మీ బోర్డు గ్రౌండ్ గుండా కూడా పోతుంది. మీ ప్యానెల్‌లో రెండూ ఒకే చోట టై వేసి ఉన్నాయా?

నింపుడు_యంత్రం

ఒకే ట్రేలో ఉన్నాయండీ. క్యారియర్ 8 కిలోహెర్ట్జే. 4 చేయగానే గుంపుల దూరం 250కి మారింది. ట్రేలు వేరు చేసి, ప్రోబ్ కేబుల్‌ను ఒక ఫెరైట్ రింగుకు నాలుగు చుట్లు చుట్టి చూశాను. తెరపై స్పైకులు ఇప్పుడు 100 మిల్లీవోల్టుల స్థాయికి వచ్చాయి. అయినా కౌంటు తప్పు పూర్తిగా పోలేదు, మునుపటికన్నా తగ్గిందంతే. స్పైకుల్లో ఎక్కువ భాగం నా ప్రోబ్ పట్టుకున్నవే అయితే, మైక్రోకంట్రోలర్ దేన్ని లెక్కపెడుతోంది?

శాంపిల్‌రేటు

ఇప్పుడు మనం అసలు గ్లిచ్‌ను వెతకవచ్చు. దానికి ఎడ్జ్ ట్రిగ్గర్ (ఏ అంచు వచ్చినా తెరను ఆపి చూపే ఏర్పాటు) పనికిరాదు, తెరను కన్నార్పకుండా చూడటం కూడా పనికిరాదు.

మీరు డివిజన్‌కు 1 మిల్లీసెకను వద్ద శుభ్రంగా ఉందన్న సిగ్నల్‌ను తీసుకోండి. తెర 12 డివిజన్లు, అంటే 12 మిల్లీసెకన్లు. మెమరీ లోతు 12,000 పాయింట్ల వద్ద ఉంటే మీ స్కోప్ అప్పుడు 1 మైక్రోసెకనుకు ఒక్క శాంపిలే ఉంచుకుంటుంది, 1 గిగాశాంపిల్ అన్న మాట పెట్టె మీద ఎంత పెద్దగా రాసి ఉన్నా సరే. 50 నానోసెకన్ల గ్లిచ్ ఆ శాంపిల్ మీద పడే అవకాశం ఇరవయ్యింట ఒకటి. మెమరీని 12 మిలియన్ పాయింట్లకు పెంచితే అదే టైమ్‌బేస్ వద్ద పూర్తి వేగం దొరుకుతుంది. అంత మెమరీ లేకపోతే పీక్ డిటెక్ట్ మోడ్ పెట్టండి, అందులో ప్రతి విరామంలోని కనిష్ఠ, గరిష్ఠ విలువలను పూర్తి వేగంతో ఏరి దాచుకుంటుంది. యావరేజ్ మోడ్ ఆన్‌లో ఉంటే ముందు ఆఫ్ చేయండి, అప్పుడప్పుడు వచ్చే గ్లిచ్‌ను అది సగటులో కలిపి చెరిపేస్తుంది.

పొట్టి టైమ్‌బేస్‌లో ఇంకో కష్టం ఉంది. సెకనుకు 50,000 తరంగాలు గీసే స్కోప్ అయినా, డివిజన్‌కు 100 నానోసెకన్ల వద్ద ఒక్కో తెర 1.2 మైక్రోసెకన్లే కనుక, సెకను మొత్తంలో మనకు చూపేది 60 మిల్లీసెకన్లు మాత్రమే. మిగిలిన 94 శాతం కాలం అది రెప్ప మూసుకుని ఉన్నట్టే.

అందుకే పల్స్ విడ్త్ ట్రిగ్గర్ వాడాలి. మీ సిగ్నల్‌లో నిజమైన పల్సు 417 మైక్రోసెకన్లు ఉంటుంది, వేగం కొంత హెచ్చుతగ్గులైనా 100కు దిగదు. కాబట్టి 100 మైక్రోసెకన్లకన్నా సన్నని పల్సు వస్తే ఆగమని చెప్పి, మోడ్‌ను ఆటోలో కాక నార్మల్‌లో పెట్టండి. అది కాచుకుని కూర్చుంటుంది, సన్నని పల్సు రాకపోతే తెర కదలదు. ఒకటో ఛానల్‌ను ఇన్వర్టర్ ఔట్‌పుట్‌కు పెట్టి దాని మీద ట్రిగ్గర్ ఇవ్వండి, ఎందుకంటే మైక్రోకంట్రోలర్ చూసేది దాన్నే. రెండో ఛానల్ ఇన్వర్టర్ ఇన్‌పుట్‌కు. రెండు ప్రోబులకూ స్ప్రింగులే వాడండి. పాజిటివ్ పల్సు, నెగటివ్ పల్సు రెండింటికీ విడివిడిగా పరీక్షించండి.

నింపుడు_యంత్రం

దొరికింది మాస్టారూ! మోటారు మొదలైన కాసేపటికే స్కోప్ ఆగింది. ఔట్‌పుట్ 5 వోల్టుల నుంచి కిందికి దిగే చోట, ఒక్కసారిగా దిగకుండా, 40 నుంచి 60 నానోసెకన్ల వెడల్పుతో రెండు మూడు సార్లు పైకీ కిందికీ కొట్టుకుని తర్వాత స్థిరపడుతోంది. అదే క్షణంలో ఇన్‌పుట్ గీత చూస్తే స్పైకు ఏదీ లేదు. నున్నగా, వాలుగా పైకి ఎక్కుతోంది, మధ్యలో సన్నని అల మాత్రం ఉంది. ఇన్‌పుట్ కిందికి దిగే అంచు వద్ద ఇలా ఎప్పుడూ జరగలేదు, ఎక్కే అంచు వద్దే జరుగుతోంది.

పీసీబీ_పద్మ

నేను అనుమానించింది ఇదే. ఎక్కే అంచు వద్ద మాత్రమే అన్న మీ గమనిక చాలా విలువైనది, అది కారణాన్ని నేరుగా చూపిస్తోంది.

ఓపెన్ కలెక్టర్ ఔట్‌పుట్‌లో లైన్‌ను కిందికి లాగేది ట్రాన్సిస్టర్. అది గట్టిగా, వేగంగా లాగుతుంది. పైకి తీసుకెళ్లవలసింది మాత్రం మీ 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒక్కటే. మీటరుకు 100 పికోఫారడ్‌ల చొప్పున 5 మీటర్ల కేబుల్‌కు 500 పికోఫారడ్‌లు వేసుకుంటే టైమ్ కాన్‌స్టాంట్ 5 మైక్రోసెకన్లు, అంచు ఎక్కే కాలం 11 మైక్రోసెకన్లు. 74హెచ్‌సీ కుటుంబపు మామూలు గేట్లకు 4.5 వోల్టుల సరఫరా వద్ద ఇన్‌పుట్ అంచు 500 నానోసెకన్లకు మించి నెమ్మదిగా ఉండకూడదని డేటాషీట్‌లోనే ఉంటుంది. మీరు దానికి ఇస్తున్నది అంతకు ఇరవై రెట్లు నెమ్మదైన అంచు.

ఇప్పుడు గేటు మారే చోట, అంటే దాదాపు 2.5 వోల్టుల దగ్గర ఏం జరుగుతుందో చూడండి. అక్కడ వాలు మైక్రోసెకనుకు అర వోల్టు. లైన్ మీద 100 మిల్లీవోల్టుల నాయిస్ ఉన్నా, సిగ్నల్ ఆ సందిగ్ధ ప్రాంతంలో 200 నానోసెకన్ల పాటు ఊగుతుంది. ఇన్వర్టర్ స్పందించడానికి 10 నానోసెకన్లు చాలు, కనుక ఆ వ్యవధిలో అది ఎన్నిసార్లైనా అటూ ఇటూ మారగలదు. మారిన ప్రతిసారీ దాని సొంత సరఫరా, గ్రౌండ్ పిన్నుల మీద చిన్న కుదుపు వచ్చి కథను ఇంకా పెంచుతుంది. వీఎఫ్‌డీ ఇక్కడ నిప్పు రవ్వ మాత్రమే, మందుగుండు మీ బోర్డు మీదే ఉంది. చేత్తో తిప్పినప్పుడు అంచు ఇంతే నెమ్మది, కానీ నాయిస్ లేదు, అందుకే లెక్క సరిపోయింది. కోఠి_గల్లీ గారు చెప్పిన కెపాసిటర్‌ను నేను వద్దన్నది కూడా ఇందుకే, అది వాలును ఇంకా చదును చేస్తుంది.

రెండు మార్పులు చేయండి. పుల్-అప్‌ను 1 కిలోఓమ్‌కు తగ్గించండి, ఎన్‌కోడర్ ట్రాన్సిస్టర్ మోయాల్సింది 5 మిల్లీయాంపులే. దాంతో వాలు పది రెట్లు నిటారుగా అవుతుంది. కానీ అప్పటికీ అంచు 1.1 మైక్రోసెకన్లు, పరిమితికి రెట్టింపు, కనుక అక్కడితో ఆగవద్దు. 74హెచ్‌సీ04 స్థానంలో 74హెచ్‌సీ14 పెట్టండి. రెండూ ఆరు ఇన్వర్టర్ల ఐసీలే, పిన్నుల అమరిక ఒకటే, తేడా ఏమిటంటే 14లో ష్మిట్ ట్రిగ్గర్ ఇన్‌పుట్ ఉంటుంది. ఎక్కేటప్పుడు మారే వోల్టేజీకి, దిగేటప్పుడు మారే వోల్టేజీకి మధ్య సుమారు 1 వోల్టు ఎడం ఉండటం వల్ల 100 మిల్లీవోల్టుల అల దాన్ని కదిలించలేదు. తర్వాతి యంత్రానికి మాత్రం లైన్ డ్రైవర్ ఔట్‌పుట్ ఉన్న ఎన్‌కోడర్ తీసుకుని, 26ఎల్‌ఎస్32 వంటి డిఫరెన్షియల్ రిసీవర్ వాడమని నా అభ్యర్థన.

ఈసీఈ_మూడోఏడు

ఈ చర్చ మా ల్యాబ్ పనికి ఎంతో ఉపయోగపడుతోంది, అందరికీ ధన్యవాదాలు. నాదొక సందేహం. మా స్కోప్‌లో చదరపు తరంగం అంచు రావడానికి ముందే గీత కొద్దిగా కిందికి మునిగి తర్వాత పైకి లేస్తోంది. స్ప్రింగ్ వాడినా పోవడం లేదు. అంచు రాకముందే సర్క్యూట్ ఎలా స్పందిస్తుంది? నాలుగు ఛానళ్లూ ఆన్‌లో ఉన్నాయి.

శాంపిల్‌రేటు

సర్క్యూట్ స్పందించడం లేదమ్మా, స్కోప్ ఊహిస్తోంది. మీ స్కోప్ కూడా పైదాని వంటిదే అయితే, నాలుగు ఛానళ్లు తెరిస్తే శాంపిల్ రేటు నాలుగు భాగాలై ఛానల్‌కు 250 మెగాశాంపిళ్లకు, అంటే 4 నానోసెకన్లకు ఒక చుక్కకు పడిపోతుంది. రెండు మూడు నానోసెకన్లలో ఎక్కే అంచు మీద ఒక్క చుక్క కూడా పడకపోవచ్చు. చుక్కల మధ్య ఖాళీని సైన్ ఎక్స్ బై ఎక్స్ అనే పద్ధతితో పూరిస్తుంది, ఆ పద్ధతి వేగమైన అంచుకు రెండు వైపులా అలలు పుట్టిస్తుంది. అంచుకు ముందు కనిపించే ముంపు అదే.

డిస్‌ప్లే మెనూలో గీతలకు బదులు చుక్కలు ఎంచుకుని చూడండి, ఆ ముంపులో ఒక్క చుక్క కూడా ఉండదు. తర్వాత మూడు ఛానళ్లు మూసి ఒక్కటే ఉంచండి, శాంపిళ్లు 1 నానోసెకనుకు వచ్చి ముంపు కనుమరుగవుతుంది. ఇంకో మాట గుర్తుంచుకోండి. 250 మెగాశాంపిళ్ల వద్ద నమ్మదగిన పరిమితి 125 మెగాహెర్ట్జ్. స్కోప్ 100 మెగాహెర్ట్జ్‌దే అయినా దాని ముందరి భాగం 125 పైన ఉన్నవాటిని గోడ కట్టినట్టు ఆపదు, నెమ్మదిగా తగ్గిస్తుందంతే. ఆపలేనివి ముడుచుకుని వచ్చి లేని ఫ్రీక్వెన్సీలుగా కనిపిస్తాయి.

నింపుడు_యంత్రం

కోఠి గుజరాతీ గల్లీలో 74హెచ్‌సీ14 తెచ్చి సాకెట్‌లో మార్చాను, పుల్-అప్ 1 కిలోఓమ్ చేశాను. పల్స్ విడ్త్ ట్రిగ్గర్‌ను అలాగే నార్మల్‌లో పెట్టి యంత్రాన్ని షిఫ్టంతా నడిపాం. కన్వేయర్ నడుస్తున్నంతసేపూ తెర కదలలేదు, సీసాలు నాజిల్ కింద సరిగ్గా నిలుస్తున్నాయి. వీఎఫ్‌డీని తిరిగి 8 కిలోహెర్ట్జ్‌కు పెట్టినా అంతే. పద్మ గారికీ, మాస్టారికీ, వైండింగ్ గారికీ ఎంతో రుణపడి ఉన్నాను.

ఒక్కటి మిగిలింది. నింపడం పూర్తయి సోలెనాయిడ్ వాల్వ్ మూసుకునే క్షణంలో అప్పుడప్పుడు ట్రిగ్గర్ తగులుతోంది. అప్పుడు కన్వేయర్ ఆగే ఉంటుంది కనుక అది ఎక్కువసార్లు లెక్కను చెడగొట్టడం లేదు. వాల్వ్ కాయిల్ 24 వోల్టుల డీసీ, 60 వోల్టుల మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) దాన్ని నడుపుతోంది, డయోడ్ లేదు. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ వేయమంటారా?

వైండింగ్_గాజువాక

వేయకుండా ఉంచకూడదు. కాయిల్ ఆగిన ప్రతిసారీ ఆ మాస్‌ఫెట్ తన రేటింగ్ దాటి బ్రేక్‌డౌన్‌లోకి వెళ్లి ఆ శక్తిని భరిస్తోంది, ఇన్నాళ్లు నిలిచిందంటే అది మీ అదృష్టం. అయితే ఒక్క 1ఎన్4007 వేస్తే కాయిల్‌లో కరెంటు నెమ్మదిగా తగ్గి వాల్వ్ మూసుకోవడం ఆలస్యమవుతుంది. నూనె నింపే యంత్రంలో ఆ ఆలస్యం చుక్కలుగా కారడంగా కనిపిస్తుంది, పరిమాణం కూడా కొంచెం పెరుగుతుంది. దానికి బదులు 1ఎన్4007కు సిరీస్‌లో ఎదురు దిశలో 24 వోల్టుల జీనర్ (నిర్ణీత వోల్టేజీ దాటాకే కరెంటును వదిలే డయోడ్) పెట్టి, ఆ రెండింటినీ కాయిల్‌కు అడ్డంగా వేయండి. అప్పుడు మాస్‌ఫెట్ మీద పడే గరిష్ఠ వోల్టేజీ 24కు 24 కలిపి, డయోడ్ వోల్టేజీతో 49 లోపే ఉంటుంది, 60 దాటదు, కాయిల్ కూడా త్వరగా ఖాళీ అవుతుంది. ఈ రెండూ బోర్డు మీద కాకుండా వాల్వ్ దగ్గరే పెట్టండి, లేకపోతే ఆ కరెంటు కేబుల్ పొడవునా తిరిగి ఎన్‌కోడర్ తీగ పక్కనుంచే వస్తుంది.

నింపుడు_యంత్రం

వాల్వ్ టెర్మినల్స్ మీదే జీనర్, డయోడ్ రెండూ టంకం వేశాను. కాయిల్ ఆగినప్పుడు మాస్‌ఫెట్ డ్రెయిన్ మీద గరిష్ఠంగా 48 వోల్టులు చూపించింది, అది కూడా స్ప్రింగ్ గ్రౌండ్‌తో కొలిచిందే. వాల్వ్ ఆగినప్పుడు ట్రిగ్గర్ ఇక తగలడం లేదు, నాజిల్ కొన నుంచి చుక్క కారడం లేదు. బోర్డు తర్వాతి ప్రతిలో 74హెచ్‌సీ14నే గీసి పంపుతున్నాను.